పడని ల్యాప్‌టాప్‌లలో పోయిన హార్డ్ డిస్క్‌లు: ఒక సర్వే బృందం కేసు

కాలువలు, రోడ్ల సర్వే చేసే ఒక చిన్న సంస్థ నుంచి ఒకే సీజన్‌లో మూడు ల్యాప్‌టాప్‌లు నా బెంచీ మీదకు వచ్చాయి. మూడింటిలోనూ పోయింది 500 జీబీ హార్డ్ డిస్కే. ఒకటి విండోస్ తెర దాకా వచ్చి ఆగిపోయేది. రెండోది సర్వే ఫైలు తెరిస్తే నిమిషాల తరబడి బిగుసుకుపోయేది. మూడోది ఆన్ చేయగానే టిక్కు టిక్కుమని కొట్టుకుని మూగబోయేది. కుర్రాళ్లు ఎక్కడో పడేసి దాస్తున్నారని యజమాని అనుమానం. జీతంలో కోయాలా వద్దా అన్నది ఆయన లెక్క. అంటే నా దగ్గర ఆయన కోరింది మరమ్మతు కన్నా తీర్పు.

బృందంలోని సీనియర్ సర్వేయర్‌కు ఫోన్ చేసి అడిగాను. “ఒక్కటి కూడా పడలేదు సార్. కావాలంటే బాడీ తిప్పి చూసుకోండి” అన్నారు. చూశాను. మూలలు నలగలేదు, హింజ్‌లు బిగువుగానే ఉన్నాయి, తెర చట్రంలో వంపు లేదు. బల్ల ఎత్తు నుంచి షాబాదు బండ మీదో టైల్స్ మీదో పడిన ల్యాప్‌టాప్‌కు ఏదో ఒక మూల ఆనవాలు మిగులుతుంది. ఇక్కడ ఏమీ లేదు. ఆయన అబద్ధం చెప్పలేదని నాకు అప్పుడే నమ్మకం కుదిరింది. అయినా డిస్క్‌లు పోయిన మాట నిజం.

ఇవి లీజు ముగిసి వెనక్కి వచ్చాక సరిచేసి అమ్మిన వ్యాపార తరగతి ల్యాప్‌టాప్‌లు. మొదట వచ్చిన డిస్క్‌లు కావు, అమ్మిన దుకాణం వేరేవి వేసి, విండోస్ కొత్తగా ఎక్కించి ఇచ్చింది. తర్వాత తేలిన సంగతులన్నిటికీ మూలం చాలావరకు ఈ ఒక్క వాక్యంలోనే ఉంది.

ముందు డేటా

కారణం వెతకడానికి ముందు ఫైళ్లు బయటికి తీయాలి. దెబ్బ తిన్న డిస్క్‌తో ప్రయోగాలు చేసేకొద్దీ దాని ఆయుష్షు తరుగుతుంది. ఈ దశలో చాలామంది మొదట చేసే పని విండోస్‌లో చెక్‌డిస్క్ నడపడం. అది చేయకూడదు. చెక్‌డిస్క్ ఫైల్ సిస్టమ్‌ను సరిచేయడానికి పుట్టింది, డేటాను కాపాడటానికి కాదు. చదవలేని చోటే పదేపదే చదివించి, పైగా అదే డిస్క్ మీద మార్పులు రాస్తుంది.

నేను డిస్క్‌ను బయటికి తీసి, లినక్స్ యంత్రానికి తగిలించి, జీఎన్‌యూ డీడీరెస్క్యూతో వేరే డిస్క్ మీదకు నకలు తీస్తాను. దాని గొప్పతనం ఓపికలో కాదు, వరసలో ఉంది. మొదటి విడతలో తేలిగ్గా చదవగలిగినదంతా తీసేసుకుని, మొరాయించిన చోటిని దాటేస్తుంది. కష్టమైన ముక్కల దగ్గరికి తర్వాత వస్తుంది. ఎక్కడిదాకా వచ్చిందో ఒక మ్యాప్ ఫైలులో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో ఆపినా మళ్లీ మొదటికి రాదు. రెండు డిస్క్‌ల నుంచి దాదాపు అంతా వచ్చింది.

టిక్కుమనే మూడోదాన్ని నేను ముట్టుకోలేదు. ఆ శబ్దం వస్తోందంటే డేటాను చదివే, రాసే హెడ్ తన దారి కనుక్కోలేకపోతోందని అర్థం. కరెంటు ఇచ్చిన ప్రతిసారీ ప్లాటర్ మీద, అంటే డేటా ఉండే పళ్లెం మీద, మరో గీత పడవచ్చు. ఫ్రిజ్‌లో పెడితే బాగవుతుందనే ఇంటి వైద్యం ఇంకా తిరుగుతూనే ఉంది. బయటికి తీశాక దానిమీద తేమ చేరడం తప్ప అందులో లాభం లేదు. అలాంటి డిస్క్‌ను దుమ్ము చొరబడని క్లీన్ రూమ్ ఉన్న ల్యాబ్‌కే పంపాలి, మామూలు గదిలో మూత తెరవకూడదు. ఇక్కడ ఆ ఖర్చు తప్పింది. సర్వేలో దూరాలు, కోణాలు కొలిచే టోటల్ స్టేషన్ పరికరం తన సొంత మెమరీలో కొలతలను ఉంచుకుంటుంది, వాళ్లు ఆ మెమరీని ఇంకా తుడిచేయలేదు. డ్రాయింగులు మళ్లీ గీసుకోవలసి వచ్చింది, అంతే.

డిస్క్‌లు చెప్పిన సాక్ష్యం

డిస్క్ తన ఆరోగ్యాన్ని తానే రాసుకునే స్మార్ట్ పట్టికలో ఇలాంటి కేసుకు పనికొచ్చేవి కొన్నే. 5వ వరుస, పాడైన సెక్టార్ల (డేటా రాసుకునే చిన్న గళ్ల) బదులు వాడుకున్న అదనపు సెక్టార్ల లెక్క. 197వది, చదవలేక అనుమానంలో పెట్టినవి. 193వది, హెడ్ తన విశ్రాంతి చోటైన ర్యాంపు ఎక్కి దిగిన లెక్క. రెండు డిస్క్‌లలోనూ 197 బాగా పెరిగి ఉంది. 193 మాత్రం ఈ తరగతి డిస్క్‌లకు సాధారణంగా ఇచ్చే 6,00,000 పరిమితికి చాలా దిగువన ఉంది. కాబట్టి ఇది వాడి వాడి అరిగిపోవడం కాదు. 191వ వరుసను, అంటే తగిలిన కుదుపులను చెప్పే జీ-సెన్స్ లెక్కను, చూసి తీర్పు చెప్పేసేవాళ్లు ఉన్నారు. ఒక్కో తయారీదారు దాన్ని ఒక్కోలా లెక్కిస్తాడు, కొందరు అసలు ఇవ్వరు. అదొక్కటే చూపించి నేను ఎవరినీ నిందించను.

అంతకంటే బలమైన సాక్ష్యం డీడీరెస్క్యూ మ్యాప్‌లో దొరికింది. చదవలేని చోట్లు డిస్క్ అంతటా చల్లినట్టు లేవు. ఒకే ప్రాంతంలో, దాదాపు సమాన ఎడంతో చిన్న చిన్న గుంపులుగా ఉన్నాయి. ప్లాటర్‌కు ఒకవైపున, ఒక చోట పొర చెదిరితే ఇలా కనిపిస్తుంది. వరుసగా ఉన్న ట్రాకులు, అంటే డేటా రాసే వలయాలు, అదే చోటు మీదుగా వెళతాయి కాబట్టి అదే మచ్చ మళ్లీ మళ్లీ తగులుతుంది. హెడ్ ఎగిరి వచ్చి పళ్లెం మీద కొట్టిన గుర్తు అది.

లోపల జరిగేది కాస్త చెప్పాలి. ల్యాప్‌టాప్‌లో వాడే రెండున్నర అంగుళాల డిస్క్‌లో ప్లాటర్ వ్యాసం సుమారు 65 మిల్లీమీటర్లు. నిమిషానికి 5400 చుట్లు తిరిగితే దాని అంచు సెకనుకు 18 మీటర్లు, అంటే గంటకు 66 కిలోమీటర్ల వేగంతో పోతుంది. దానిపైన కొద్ది నానోమీటర్ల ఎత్తులో, పలచని గాలి పొర మీద హెడ్ తేలుతూ ఉంటుంది. గట్టి కుదుపు తగిలితే హెడ్ పైకి లేచి, వెనక్కి వచ్చి తన మూలతో ప్లాటర్‌ను కొడుతుంది. పైనున్న కార్బన్ పొర అక్కడ చెదురుతుంది. ఆ క్షణంలో ఏమీ తెలియదు. చెదిరిన రజను తిరుగుతూ, హెడ్ కిందికి వస్తూ, మచ్చను పెంచుతుంది. “నిన్నటిదాకా బాగానే ఉంది” అని వచ్చే డిస్క్‌లలో చాలావాటికి అసలు దెబ్బ వారాల కిందటే తగిలి ఉంటుంది.

డిస్క్ ఆగి ఉంటే సంగతి వేరు. హెడ్లు ప్లాటర్‌ను వదిలి పక్కనున్న ప్లాస్టిక్ ర్యాంపు మీద కూర్చుంటాయి, కొట్టడానికి కింద ఏమీ ఉండదు. అందుకే తయారీదారుల పత్రాల్లో రెండు అంకెలు కనిపిస్తాయి. తిరుగుతున్నప్పుడు 2 మిల్లీసెకన్ల దెబ్బకు 350 నుంచి 400 జీ వరకు ఓర్పు, ఆగి ఉన్నప్పుడు 1 మిల్లీసెకను దెబ్బకు 900 నుంచి 1000 జీ వరకు. ఒక జీ అంటే భూమి లాగే త్వరణం. ఒకే డిస్క్, ఒకే బల్ల, ఒకే చెయ్యి. తిరుగుతోందా ఆగిందా అన్న తేడా మీదే ఓర్పు రెండున్నర రెట్లు మారుతుంది.

కాబట్టి నా ప్రశ్న మారింది. ఎవరు పడేశారన్నది పక్కనపెట్టి, తిరుగుతున్న డిస్క్‌ను ఎప్పుడు కదిపారని వెతికాను.

మూత మూసినా మేలుకునే ఉంది

జరిగినవాటిని విండోస్ రాసుకునే ఈవెంట్ లాగ్‌లో యంత్రం నిద్రలోకి పోయిన ప్రతిసారీ కెర్నల్-పవర్ పేరుతో 42వ నంబరు నమోదవుతుంది. నకలు తీసిన డిస్క్‌ల నుంచి ఆ లాగ్‌లు తెరిచి, బృందం వాహనం డైరీతో పక్కపక్కన పెట్టుకున్నాను. జీపు సైటు నుంచి లాడ్జికి వెళ్లిన గంటల్లో 42 ఎక్కడా లేదు. బదులుగా మామూలు నమోదులు వరుసగా పడుతూనే ఉన్నాయి. అంటే మూత మూసి, బ్యాగులో పెట్టి, గుంతల రోడ్డు మీద తీసుకెళ్తున్నంతసేపూ డిస్క్ తిరుగుతూనే ఉంది.

పవర్ సెట్టింగ్స్‌లో చూస్తే మూత మూసినప్పుడు ‘ఏమీ చేయవద్దు’ అని ఉంది. అలా పెట్టింది సర్వేయర్లే. కారణం అడిగితే సబబుగానే చెప్పారు. పరికరం నుంచి డేటా దిగుతుండగా ఎండకు తెర కనిపించక మూత సగం వాల్చితే యంత్రం నిద్రపోయి, కనెక్షన్ తెగేదట. సెట్టింగ్ మార్చితే ఆ బాధ తప్పింది. ఆ సౌకర్యం బ్యాగు దాకా వెంట వచ్చింది.

జీపు బానెట్ మీద పెట్టి పని చేయడం గురించి యజమాని చాలా కోపంగా ఉన్నారు. నిజానికి అది ఇక్కడ పెద్ద దోషి కాదు. ఇంజిన్ అదురు చిన్నది, ఎడతెగకుండా వచ్చేది. దానివల్ల హెడ్ ట్రాకు తప్పి, మళ్లీ మళ్లీ చదవాల్సి వచ్చి పని నెమ్మదిస్తుందే గాని, హెడ్ ఎగిరి కొట్టేంత బలం అందులో ఉండదు. ఎండ వేడి చేసే కీడు వేరు. డిస్క్‌ను చంపేది ఒక్కసారిగా వచ్చి ఆగే దెబ్బ.

అయిదు సెంటీమీటర్ల లెక్క

ఆ దెబ్బ ఎక్కడిదో చూడటానికి వాళ్లు దిగిన లాడ్జి గదికి వెళ్లాను. గ్రానైట్ బల్ల. ఒకాయన మాట్లాడుతూనే ల్యాప్‌టాప్‌ను ఒంటిచేత్తో తెచ్చి, ముందు అంచు ఆనించి, వెనక అంచు వదిలేశారు. ‘టప్’మంది. అందరూ రోజూ చేసే పనే. దాన్ని పడటం అని ఎవరూ అనరు.

పడినప్పుడు వచ్చే దెబ్బ ఎంత అనేదానికి ఎత్తు సగం జవాబే. ఎంత దూరంలో ఆగిందన్నది మిగతా సగం. పడిన ఎత్తును ఆగిన దూరంతో భాగిస్తే సగటున ఎన్ని జీలో ఉజ్జాయింపుగా తెలుస్తుంది. 5 సెంటీమీటర్ల నుంచి పడి, కింది రబ్బరు బొడిపెలు నొక్కుకుని అర మిల్లీమీటరులో ఆగితే 100 జీ. శిఖరం దానికి రెట్టింపు ఉండవచ్చు. డిస్క్ దీన్ని ఓర్చుకోగలదు. మరి ఆ బొడిపెలు ఊడిపోయి, గట్టి ప్లాస్టిక్ నేరుగా గ్రానైట్‌ను తాకి 0.2 మిల్లీమీటర్లలో ఆగితే? సగటే 250 జీ. శిఖరం 350 దాటడానికి పెద్ద కష్టం లేదు. మూడు ల్యాప్‌టాప్‌లనూ తిరగేసి చూశాను. రెండింటికి వెనక బొడిపెలు రెండూ లేవు, మూడోదానికి ఒకటే ఉంది.

లోపల ఇంకో లోపం ఉంది. ఈ మోడల్‌కు మొదట వచ్చేది 9.5 మిల్లీమీటర్ల మందం డిస్క్, రెండు పక్కలా రబ్బరు పట్టాలతో. దుకాణం వేసింది 7 మిల్లీమీటర్లది. పట్టాలు లేవు, మిగిలిన రెండున్నర మిల్లీమీటర్లు నింపే స్పేసర్ లేదు, స్క్రూలు కూడా సగమే. చేత్తో ఊపితే డిస్క్ గూట్లో కదులుతూ చప్పుడు చేసింది. బల్లకు ల్యాప్‌టాప్ తగిలిన వెంటనే, లోపల డిస్క్ గూటి లోహానికి తన సొంత దెబ్బ వేరుగా తింటుంది. పై లెక్కలో ఈ రెండోది కలపనే లేదు.

యజమానికి ఇచ్చిన రిపోర్టులో ఇదంతా రాసి, సిబ్బంది నిర్లక్ష్యం కాదని, జీతంలో కోత న్యాయం కాదని విడిగా ఒక వాక్యం చేర్చాను.

ఉండీ లేని సెన్సర్

ఈ తరగతి ల్యాప్‌టాప్‌లలో పడిపోవడాన్ని పసిగట్టే సెన్సర్ మదర్‌బోర్డు మీదే ఉంటుంది. కారులో ఎయిర్‌బ్యాగ్‌ను తెరిపించే జాతి సెన్సరే ఇది. ఐబీఎం 2003లో థింక్‌ప్యాడ్‌లలో తెచ్చింది, ఆపిల్ 2005లో పవర్‌బుక్‌లలో పెట్టింది. తర్వాత హెచ్‌పీ త్రీడీ డ్రైవ్‌గార్డ్ పేరుతో, డెల్, తోషిబా, ఏసర్ తమ తమ పేర్లతో తెచ్చాయి. పని తీరు ఒకటే. యంత్రం చేతినుంచి జారగానే సెన్సర్‌కు బరువు లేనట్టు తెలుస్తుంది. వెంటనే డిస్క్‌కు హెడ్లను ర్యాంపు మీదకు లాక్కోమని ఆదేశం వెళుతుంది.

ఆ ఆదేశాన్ని పంపేది సెన్సర్ కాదు, విండోస్‌లో నడిచే డ్రైవరు అనే చిన్న సాఫ్ట్‌వేర్. ఆ డ్రైవరు లేకపోతే సెన్సర్ ఎంత పసిగట్టినా వినేవాడు ఉండడు. లినక్స్ పెన్‌డ్రైవ్‌తో తెరిచి ల్యాప్‌టాప్‌ను అటూ ఇటూ వంచితే మూడు అక్షాల అంకెలూ చక్కగా మారాయి. సెన్సర్ బతికే ఉంది. విండోస్ డివైస్ మేనేజర్‌లో మాత్రం పసుపు గుర్తుతో ‘అన్‌నోన్ డివైస్’గా పడి ఉంది. కొత్తగా విండోస్ ఎక్కించినప్పుడు తెర, సౌండ్, వైఫై పని చేస్తే చాలనుకుని మిగతావి వదిలేస్తారు. మిగిలిపోయిన ఆ ఒక్క పసుపు గుర్తు చాలాసార్లు ఈ సెన్సర్‌దే అవుతుంది. సీగేట్ జీ-ఫోర్స్ రకం లాగా సొంత సెన్సర్ లోపలే ఉన్న డిస్క్‌లకు ఈ డ్రైవరు అవసరం లేదు. దుకాణం వేసినవి ఆ రకం కావు.

డ్రైవరు ఉండి ఉంటే ఈ మూడు డిస్క్‌లూ బతికేవా? బతికేవని నేను అనను. 75 సెంటీమీటర్ల బల్ల నుంచి నేలకు చేరడానికి 0.39 సెకన్లు పడుతుంది. 30 సెంటీమీటర్లకు 0.25. అయిదు సెంటీమీటర్లకు సెకనులో పదో వంతే. పడుతున్నట్టు నిర్ధారించుకుని, ఆదేశం పంపి, హెడ్లు వెనక్కి వెళ్లేలోపు ల్యాప్‌టాప్ బల్లను తాకేస్తుంది. అంతేకాదు, ఒక అంచు ఆనించి రెండో అంచు వదిలినప్పుడు ఆనిన అంచు దగ్గరున్న సెన్సర్‌కు బరువు పోయినట్టే అనిపించదు. సెన్సర్ ఉన్నది చేయి జారి నేల మీద పడే ప్రమాదానికి. రోజూ బల్ల మీద తగిలే చిన్న దెబ్బకు అది జవాబు కాదు. అమ్మేవాళ్లు ఈ తేడా చెప్పరు.

మార్చినవి

అన్నిటికంటే ముందు, డిస్క్‌ను ఆపడం. మూత మూస్తే హైబర్నేట్ అయ్యేలా, అంటే చేస్తున్న పనిని డిస్క్ మీద రాసుకుని యంత్రం పూర్తిగా ఆగిపోయేలా, బ్యాటరీ మీద ఉన్నా చార్జింగ్‌లో ఉన్నా ఒకేలా పెట్టాను. బ్యాగులో ఉన్న యంత్రాన్ని అప్‌డేట్ల కోసం విండోస్ తనంతట తాను లేపకుండా వేక్ టైమర్లు ఆపేశాను. డేటా దిగే వేళ మూత వాల్చే బాధకు వేరే మందు ఇచ్చాను. తెరకు ఎండ తగలకుండా అట్టముక్కతో చేసిన గొడుగు. వాళ్లకు హైబర్నేట్ నచ్చలేదు, లేవడానికి ఆలస్యమవుతోందని ఫిర్యాదు. సైటులో ఒక పాయింటు నుంచి మరో పాయింటుకు నడిచేటప్పుడు స్టార్ట్ మెనూ నుంచి స్లీప్, వాహనం ఎక్కేముందు తప్పనిసరిగా హైబర్నేట్ అని ఒప్పందానికి వచ్చాం. రెండింటిలో ఏదైనా, డిస్క్ దీపం ఆరి, చప్పుడు అణిగాకే ఎత్తాలి. మూత మూసిన మొదటి కొద్ది సెకన్లలోనే డిస్క్ హడావిడిగా రాస్తూ ఉంటుంది. సరిగ్గా అప్పుడే అందరూ ల్యాప్‌టాప్‌ను చంకలో పెట్టుకుని లేస్తారు.

బిగింపు సరిచేయడానికి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో తిరిగాను. ఆ మోడల్ రబ్బరు పట్టాలు, స్పేసర్లు, కింద అతికించే బొడిపెలు అక్కడ దొరికాయి. నాలుగు స్క్రూలూ పెట్టాను. గూట్లో ఖాళీ ఉంది కదా అని స్పాంజి ముక్కలు కుక్కడం కొందరికి అలవాటు. దానివల్ల వేడి బయటికి పోదు. పైగా డిస్క్ మూత మీది చిన్న గాలి రంధ్రం మూసుకుపోయే ప్రమాదం ఉంది. లోపలి, బయటి గాలి ఒత్తిడి సమంగా ఉండేది ఆ రంధ్రం వల్లే.

బ్యాగు సంగతి నాకు అన్నిటికన్నా చిరాకు. మార్కెట్లో దొరికే ల్యాప్‌టాప్ బ్యాగుల్లో చాలావాటికి పక్కల బోలెడు మెత్త ఉంటుంది, అడుగున ఒట్టి కుట్టు మాత్రమే. బ్యాగును కింద పెట్టినప్పుడు నేలకు తగిలేది అడుగే. దర్జీ చేత లోపలి అరను కాస్త పైకి కుట్టించి, కింద చెప్పుల తయారీలో వాడే ఈవీఏ షీటు రెండు పొరలు వేయించాం. 30 సెంటీమీటర్ల నుంచి పడినా పది మిల్లీమీటర్లు నొక్కుకుని ఆగితే సగటు దెబ్బ 30 జీయే. ఖర్చు పెట్టిన రూపాయికి ఇంతకంటే ఎక్కువ ఫలం ఇచ్చే పని ఈ కేసులో ఇంకొకటి లేదు. జీపులో బ్యాగు చోటు కూడా మారింది. వెనక చక్రాల పైన నేల మీద నుంచి, మధ్య సీటులోకి.

సెన్సర్ డ్రైవరును తయారీదారు సైట్ నుంచే తెచ్చి ఎక్కించాను. చిన్న దెబ్బకు పనికిరాదని తెలిసీ ఎందుకంటే, రేపు నిజంగానే ఎవరి చేతి నుంచో జారవచ్చు. ఎక్కించాక ఇంకో చిక్కు వచ్చింది. కదిలే జీపులో మ్యాపు చూస్తుంటే కుదుపు కుదుపుకూ హెడ్లు ర్యాంపు ఎక్కి, యంత్రం ఆగి ఆగి నడిచింది. ఒకాయన విసిగిపోయి సాఫ్ట్‌వేర్‌నే ఆపేశారు. ఆయన్ని తప్పుపట్టలేను. నడిచే వాహనంలో పని చేసి తీరాలంటే తిరిగే డిస్క్ అక్కడ ఉండకూడదు. ఆ ల్యాప్‌టాప్‌కూ, వాహనంలో వాడే మరో దానికీ ఎస్‌ఎస్‌డీ వేయించాం. అందులో కదిలే భాగం లేదు, సెన్సర్‌తో పని లేదు. మిగతావాటికి డబ్బు కుదిరినప్పుడు అని యజమాని అన్నారు. ఈలోగా రోజూ సాయంత్రం ఆ రోజు ఫైళ్లను బయటి ఎస్‌ఎస్‌డీకి కాపీ చేయాలి. వాళ్ల దగ్గర అప్పటికే ఒక బయటి హార్డ్ డిస్క్ ఉంది, దానితోనే కానిద్దామన్నారు. నేను ఒప్పుకోలేదు. కేబుల్ కాలికి తగిలి బల్ల మీది నుంచి ఊడిపడే బయటి డిస్క్‌లు నా దగ్గరకు తరచుగా వస్తాయి, పడేటప్పుడు అవి సాధారణంగా తిరుగుతూనే ఉంటాయి.

హార్డ్ డిస్క్‌తో ఇంకా నడుస్తున్న ల్యాప్‌టాప్‌లకు నెలనెలా 5, 197 వరుసలు చూసి, అంకెలను ఒక పుస్తకంలో రాయమన్నాను. 197 సున్నా నుంచి కదిలి వరుసగా రెండో నెల కూడా పెరిగితే ఆ డిస్క్‌తో సైటుకు వెళ్లకూడదు. అప్పటికి యంత్రం ఎంత బాగా నడుస్తున్నట్టు కనిపించినా సరే, నకలు తీసి, మార్చేయాలి.